పిట్ట ముట్టని బువ్వ

ఆ రోజు పొద్దున గుర్వయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకుని పటేలు ఇంటికి పోవాలి, కాళ్ల మీద పడాలి, నాలుగు మాటలు అనాలి, బందెల దొడ్డిలో ఉన్న తన గొర్రెలను విడిపించుకుని పొద్దెక్కకముందే గుట్టకు తోలాలి. ఇందులో గొర్రెపిల్లను పట్టుకోవడం ఆయనకు వచ్చు. కాళ్ల మీద పడటం తాతల నాటి నుంచీ అలవాటే. చిక్కల్లా ఆ నాలుగు మాటల దగ్గరే.

మనుషులతో మాట్లాడటం గుర్వయ్యకు చేతకాదు. గొర్రెలతో అయితే తెల్లవార్లూ మాట్లాడతాడు. అవి నెమరేస్తూ వింటాయి. మందలో ఉన్న కొమ్ముల పొట్టేలు నడుమ నడుమ ప్రశ్నలు కూడా వేసేదని పల్లేరుగూడెంలో చెప్పుకునేవారు. కానీ మనిషి ఎదురైతే, అందులోనూ ఏడుస్తున్న మనిషి ఎదురైతే, ఆయన మాటలన్నీ తోడేలును చూసిన మందలా చెదిరిపోయేవి. చివరికి అన్నిటికంటే పనికిరాని మాట ఒకటి కుంటుకుంటూ ముందుకొచ్చి నిలబడేది. బీరప్ప తండ్రి పోయినప్పుడు ఊరంతా బీరప్పను పట్టుకుని ఏడుస్తుంటే, గుర్వయ్య ఆయన భుజం తట్టి, "అయిందేదో అయింది బీరప్పా, మళ్ల గిట్ల కానియ్యకు" అన్నాడు. సుక్కమ్మ అత్త పోయినప్పుడు, "పోనీ తియ్యి వదినె, ఇగ మంచమన్న ఖాళీ అయింది" అన్నాడు. సరిగ్గా ఆ మాటే సుక్కమ్మ మనసులోనూ ఉండటంతో ఆమెకు మరింత కోపం వచ్చింది.

ఆయన భార్య బక్కమ్మ దీనికి పూర్తిగా ఎదురు. ఆమె శోకం ఎత్తుకుంటే, పక్క ఊళ్లో పాడె మోసేవాళ్లు కూడా తమ శవాన్ని కాసేపు దించి వినేవాళ్లట. ఎంత పనికిమాలినవాడు పోయినా, వాడిలో రెండు మంచి గుణాలు తవ్వి తీసి రాగం కట్టేది. మొగుడి నోటికి మాటలు ఎక్కించే పని కూడా ఆమెదే.

"ఏందయ్యా, యాదికున్నదా? ఇంకోపాలి అను."

"తప్పైంది. తెల్వక జరిగింది. ఇంకోసారి జరగనియ్య. నీ కాల్మొక్త."

"గంతే. దాని మీద ఒక్క ముక్క ఎక్కువ అనకు. ఎక్కువంటే ఉన్న గొంగడి గూడ గుంజుకుంటడు."

అది నైజాం రాజ్యం ఆఖరి రోజులు. పగలు రజాకార్లు, రాత్రి సంఘపోళ్లు, రేపోమాపో యూనియన్ మిల్ట్రీ అన్నట్టుండేది. గుట్ట మీద సంఘపోళ్ల దళానికి గుర్వయ్య జొన్న గటక పోశాడని ఎవరో పటేలు చెవిన వేశారు. గటక పోసింది నిజమే. ఆకలన్నవాడికి పోశాడు. వాడు ఏ పార్టీవాడో అడగాలంటే మళ్లీ మాట్లాడాలి కదా! పటేలు రఘుపతిరెడ్డి మర్నాడే పాలిచ్చే గొర్రెలన్నిటినీ దొడ్లోకి తోలించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తల్లులు దొడ్లో ఉండిపోయాయి, పిల్లలు గుడిసెలో. అవి అరిచి అరిచి గొంతులు పోయి, ఇప్పుడు నోళ్లు తెరుస్తున్నాయి గానీ చప్పుడు రావడం లేదు. ఇంకో నాలుగు రోజులైతే నోళ్లు తెరవడం కూడా ఉండదని గుర్వయ్యకు తెలుసు. అందుకే ఈ ప్రయాణం.

దారి పొడుగునా ఆ నాలుగు మాటలూ జపం చేసుకుంటూ పోతుంటే, కులపెద్ద లింగయ్య పంచె ఎగ్గట్టి ఎదురొచ్చాడు.

"ఓ గుర్వయ్యా! పటేలు పోయిండట!"

"యాడికి?"

"యాడికేందిరా? పైకి! నిన్న పొద్దుగూకి పట్నం పోయిండట, కడుపునొప్పని. దవాఖానలనే పాణం పోయిందట. దార్లు మంచిగ లేవని ఆడ్నే మూసొడ్డున కాలవెట్టిండ్రట. కోడి గూయకముందే ఎవడో కబురు దెచ్చిండని దొరసాని మొత్తుకుంటాంది."

గుర్వయ్యకు మొదట తట్టింది తాళంచెవి. మొలతాడుతో పాటు అది కూడా మూసీ ఒడ్డున కాలిపోయిందా? ఇంటికి తిరిగి పోయి బక్కమ్మకు చెప్పాడు. ఆమె అప్పటికే కొంగు బిగించి బయలుదేరుతోంది.

"దొడ్డి తాళం పలగ్గొట్టాలన్నా దొరసాని మాట గావాలె. సావింట్ల ముందు పరామర్శ, ఎన్కనే పని. రెండు మంచి ముక్కలు చెప్తే ఆమె మనసు మెత్తబడ్తది. గప్పుడు గొర్ల ముచ్చట తియ్యి. తెల్సిందా?"

తెలిసింది. పటేలు ఇంటి ముందు అప్పటికే జనం. ఆయన మీద ప్రేమతో వచ్చినవాళ్లు లేరు గానీ, ఆచారం ఆచారమే. చావింట్లో మూడో రోజు దాకా పొయ్యి వెలిగించకూడదు, ఆడమనిషిని ఒంటరిగా వదలకూడదు. కొందరు మాత్రం నిజంగానే పోయాడా అని రూఢి చేసుకోవడానికి వచ్చారు. సావిత్రమ్మ దొరసాని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. అందరూ గుర్వయ్యకు దారి ఇచ్చారు. ఆయన గొర్రెపిల్లతో సహా ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు. రెండు మంచి ముక్కల కోసం లోపలంతా వెతికాడు. మంద చెదిరింది. పొద్దున్నుంచి జపం చేసిన మాటే నోటికొచ్చింది.

"తప్పైంది దొరసానీ. తెల్వక జరిగింది. ఇంకోసారి జరగనియ్య. నీ కాల్మొక్త."

శోకం అందుకోబోతున్న బక్కమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

సంగతి అక్కడితో ఆగితే పల్లేరుగూడెం ఎందుకవుతుంది? మొదట బీరప్ప లింగయ్య చెవిలో, "ఏందే, గీయన జేసిండంటవా?" అన్నాడు. లింగయ్య, "దళపోళ్లకు గటక వోసినోడే గద" అన్నాడు. ఆ మాట గడప దాటేసరికి గుర్వయ్య దళం మనిషైపోయాడు. బావి దగ్గరికి చేరేసరికి, పట్నం దవాఖానలో పటేలుకు మందులో మందు కలిపించింది ఆయనే అయ్యాడు. పొద్దుగూకేలోపు దళానికే నాయకుడై కూర్చున్నాడు. ఇన్నాళ్లూ మాట్లాడనిది అమాయకత్వం వల్ల కాదు, గుట్టు కోసమన్నమాట! గుర్వయ్య ఎక్కడ నిలబడితే అక్కడ ఎవరో ఒకరు మంచం వాల్చారు. అడగకుండానే బీడీ ఇచ్చారు. ఇదంతా పటేలు పోయిన బాధలో జనానికి కలిగిన మంచితనం అనుకుని, గుర్వయ్య బీడీ కాల్చుకుంటూ ఆ వాకిట్లోనే కూర్చున్నాడు. సరైన మాట దొరికేదాకా కదిలేది లేదని ఆయన పట్టుదల.

ఇంతకూ పటేలు పట్నంలో లేడు, పైలోకంలోనూ లేడు. ఆ ఇంటి పెరట్లో, జొన్నల గుమ్మిలో ఉన్నాడు.

గుమ్మి అంటే వెదురుతో బుట్టలా అల్లి, పేడమట్టితో అలికి, పైన గడ్డి టోపీ పెట్టిన ధాన్యపు కొట్టు. పటేలు ఇంటి గుమ్మి ఎంత పెద్దదంటే, పిల్లగా అందులో పడిన ఎలుక ముసలిదై గానీ బయటపడేది కాదట. రజాకార్లకు రోజూ కోళ్లు కోసిపెట్టినందుకు సంఘపోళ్ల కన్ను తన మీద పడిందని పటేలుకు తెలిసింది. పట్నం పారిపోదామంటే దారులన్నీ వాళ్లే తవ్వేశారు. అందుకని ఆలోచించి ఆలోచించి చచ్చిపోయాడు. చచ్చినవాడి కోసం ఏ దళమూ రాదు. ఒక్క పూట ఏడుపు అయ్యాక జనం వెళ్లిపోతే, గడ్డిబండిలో దూరి అడ్డదారిన పోవచ్చు. "నువ్వు జర గట్టిగ ఏడ్వు, మిగిలింది నేను జూసుకుంట" అని పెళ్లానికి చెప్పి, తెల్లవారకముందే నిచ్చెనేసుకుని గుమ్మిలోకి దిగాడు. ఊరిని ముప్పయ్యేళ్లు ఏలినా ఊరి ఆచారం ఒకటి ఆయన లెక్కలో లేదు. ఆయనెప్పుడూ ఎవరి చావింటికీ పోయినవాడు కాదు మరి. పరామర్శకు వచ్చినవాళ్లు ఒక్క పూటలో పోరని ఆయనకెలా తెలుస్తుంది?

జనం పోలేదు. చీకటి పడగానే ఆడవాళ్లు చాపలు తెచ్చి సావిత్రమ్మ చుట్టూ పరిచారు. చోటు చాలక కొందరు పెరట్లోకి వచ్చారు. బక్కమ్మ అయితే గుమ్మికే వీపు ఆనించి పడుకుంది. గుర్వయ్య దళనాయకుడన్న గుసగుసలు గుమ్మిలోకీ వినపడ్డాయి. మట్టి రాలిన ఒక చీలికలోంచి పటేలు చూస్తే, ఇంటి పక్క సందు అవతల వాకిట్లో మంచం మీద దళనాయకుడు గుర్వయ్య, చంకలో గొర్రెపిల్లతో, కళ్లార్పకుండా కూర్చుని ఉన్నాడు. తన చావును తనిఖీ చేయడానికి వచ్చాడని పటేలుకు అనుమానం లేకుండా పోయింది. ఊపిరి కూడా విడతలవారీగా తీసుకున్నాడు.

మర్నాడు సావిత్రమ్మ దాచిన రొట్టె ఒకటి కొంగులో పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. గుమ్మికి అడుగున గింజలు తీసే కంత ఉంది. అందులోంచి అందిద్దామని వంగిందో లేదో సుక్కమ్మ చూసింది.

"ఏంది దొరసానీ, వంగుతవేంది? మేమంత లేమా? ఏంది ఆ రొట్టె?"

"ఏం లేదు సుక్కీ... కుక్కకు."

"కుక్కకు నువ్వెయ్యాల్నా? గీ మూడొద్దులు నువ్వు పని ముట్టద్దు. ఇటు తే" అని సుక్కమ్మ రొట్టె లాక్కుని కుక్కను పిలిచింది. కుక్క సరిగ్గా గుమ్మి ముందు కూర్చుని, చీలిక వైపు చూస్తూ, తొందరేమీ లేకుండా తిన్నది. పచ్చి జొన్నలు నమిలి నమిలి దవడలు పడిపోయిన పటేలు ఆ రొట్టె అంతా కళ్లతో తిన్నాడు. గుమ్మి పక్కన తులసికోటకు నీళ్లు పోస్తున్నట్టు నటించి సావిత్రమ్మ కంతలోంచి అందించిన చెంబెడు నీళ్లే ఆయనకు ఆ రోజు విందు.

ఇక గుర్వయ్య. తొలి పరామర్శ చెడిందని బక్కమ్మ చెప్తే గానీ ఆయనకు తెలియలేదు.

"పోయినోని మంచి చెప్పాలయ్యా! గంత సులువు."

"ఏం మంచి?"

బక్కమ్మ నోరు తెరిచింది, ఆలోచించింది, మూసుకుంది. ఆమె ఎరిగి, పోయినవాడిలో మంచి గుణం దొరక్కపోవడం అదే మొదటిసారి. "అడుగుపో, ఎవళ్లనన్న" అన్నది.

గుర్వయ్య అడుగుతూ పోయాడు. దళనాయకుడు వచ్చి "పటేల్ల మంచేమున్నది?" అని అడిగితే ఎవరికైనా ఏమని చెప్పాలో తోచదు. ఉన్నదంటే ఒక చిక్కు, లేదంటే ఇంకో చిక్కు. బీరప్ప గుటకలు మింగి, "తుమ్మితే మాత్రం గట్టిగ తుమ్మేటోడు" అన్నాడు. లింగయ్య చాలాసేపు గడ్డం గోక్కుని, "మీసం మంచిగుండె" అన్నాడు. గుర్వయ్యకు ఇదే నచ్చింది. పోయి దొరసాని ముందు నిలబడి, "పటేలు మీసం మంచిగుండె" అన్నాడు. తరువాత ఏమనాలో తెలియక చంకలో పిల్లను చూశాడు. దాని గురించి అయితే మాటలు ఉన్నాయి.

"ఏడ్సి ఏడ్సి గొంతు వోయింది, దొరసానీ. మొన్నటి సంది నోట్ల సుక్క లేదు. కండ్లు తెరుస్తది, మూస్తది. లేస్తనంటది, కాళ్లు మడుతలు వడ్తయి. నువ్వు దయ జూడకుంటె దక్కది."

ఊరు ఊరంతా దొరసాని గురించే అంటున్నాడనుకుని ముక్కు చీదింది. ఇంత చక్కటి పరామర్శ పల్లేరుగూడెంలో ఎవరూ వినలేదు. బక్కమ్మ కూడా మొగుణ్ణి కొత్తగా చూసింది. సావిత్రమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. మీసం దగ్గరే ఆమెకు నవ్వు మొదలైంది. "నోట్ల సుక్క లేదు" దగ్గర గుమ్మి గుర్తుకొచ్చి భయం పట్టుకుంది. రెండూ కలిసి భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, ఆడవాళ్లు "ఏడ్వకు దొరసానీ, ఏడ్వకు" అని ఇద్దరిద్దరు పట్టుకున్నారు. గొర్రెల ముచ్చట తీయడానికి ఇదే అదను. కానీ ఏడుస్తున్న మనిషిని చూసి గుర్వయ్యకు మళ్లీ మంద చెదిరింది. చేతిలో గొర్రెపిల్ల తల వాల్చేసింది.

మూడో రోజు పిట్టకు పెట్టే రోజు. చచ్చినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే, కాకి రూపంలో వచ్చి వాడే ముడతాడని నమ్మకం. కాకి ముట్టకపోతే వాడికేదో కోరిక మిగిలిపోయినట్టు. ఆ కోరిక ఏమిటో అయినవాళ్లు ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. సరైన కోరిక తగిలితే కాకి దిగుతుంది. కాలవెట్టిన జాగా ఊళ్లో లేదు కాబట్టి, పెట్టేదేదో ఇంటి పెరట్లోనే పెట్టాలని లింగయ్య తీర్పు చెప్పాడు. నీడ బాగుందని విస్తరి గుమ్మి ముందరే వేశారు.

కోడికూర, గారెలు, నెయ్యి కారుతున్న సన్నబియ్యం బువ్వ, పక్కన కల్లు ముంత. ఆవిరి నేరుగా చీలికలోకి పోతోంది. గుమ్మిలోంచి ఏదో మూలిగింది.

"ఎలుకలు వడ్డట్టున్నయి దొరసానీ" అన్నాడు లింగయ్య.

"పెద్దయే" అన్నది సావిత్రమ్మ.

అందరూ పక్కకు జరిగి కొట్టం మీద ఉన్న కాకి వైపు చూశారు. కాకి విస్తరి వైపు చూసింది, జనం వైపు చూసింది, ముక్కు రెక్కకు తుడుచుకుంది. రాలేదు. నిజానికి అది చేసిన తప్పేమీ లేదు. చావనివాడి బువ్వ అది ఎందుకు ముట్టాలి?

"ఏదో కోరిక మిగిలింది" అన్నాడు లింగయ్య. "చెప్పు దొరసానీ, పటేలు మనసుల ఏముండెనో."

సావిత్రమ్మకు ఏమనాలో తెలియక, "ఊరికి మంచి జెయ్యాలనుండె" అన్నది. ఆ మాటకు కాకి లేచి పక్క ఊరి దిక్కు ఎగిరిపోయింది.

ఎండ ఎక్కుతోంది. పిట్ట ముట్టనిదే ఎవరూ ఇంటికి పోకూడదు. కాకి ఎప్పటికో తిరిగొచ్చి మళ్లీ కొట్టం మీదే కూర్చుంది. గుర్వయ్య చంకలో పిల్లను తడిమి చూశాడు. వెచ్చదనం తగ్గింది. మంచి ముక్కలు దొరికేదాకా ఇది ఉండదని ఆయనకు అర్థమైంది. పరామర్శ, అదను అన్నీ పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు బయటపెట్టేశాడు.

"నా గొర్లనే ఇడిసిపెట్టాలనుకున్నడేమో దొరసానీ."

కాకి గోడ మీదికి దిగింది.

లింగయ్య రెండు చేతులూ పైకెత్తి, "ఇన్నడు! పటేలు ఇన్నడు! దొరసానీ, మాటియ్యి!" అని అరిచాడు. సావిత్రమ్మ గుమ్మి వైపు చూసింది, జనం వైపు చూసింది. "సరే" అన్నది. గుమ్మి కొంచెం కదిలినట్టయింది.

కాకి గోడ మీదే ఉంది గానీ విస్తరి దగ్గరికి రాలేదు. అంటే ఇంకా ఏదో మిగిలిందన్నమాట. పల్లేరుగూడెంలో అందరూ వెర్రివాళ్లు కారు. సుక్కమ్మ ముక్కు చీది ముందుకొచ్చింది. "మా గుట్టకింది చెలక భూమి గుంజుకున్నందుకు రంది వడ్డడేమో, అవ్వా!" కాకి నేల మీదికి దిగింది. సావిత్రమ్మ "సరే" అన్నది. బీరప్ప ఊరుకుంటాడా? "పటేలు నా ఎడ్లబండి అడిగి కొంచవోయిండు. పాపం, తిరిగియ్యాలని మస్తు అనుకున్నడో ఏమో!" కాకి ఒక దుంకు దుంకింది. "సరే." పెళ్లయి ఇన్నేళ్లూ ఆ ఇంట్లో సావిత్రమ్మ సరే అనడమే గానీ, ఆమె సరే అనేదాకా ఎవరూ ఆగింది లేదు. ఇప్పుడు ఊరు ఊరంతా ఆమె నోటి వైపే చూస్తోంది. అలవాటు లేని సుఖం అది. నాలుగో కోరికకు ఆమె పూర్తిగా వినకముందే సరే అన్నది. ప్రతి సరేకూ గుమ్మిలో జొన్నలు జరజరమంటున్నాయి. కాకి మాత్రం తన తొందరలో తాను ఒక్కో దుంకూ దుంకుతూ వస్తోంది. కోడికూర వాసనకు దానికి ఏ కోరికా వినపడటం లేదు.

చివరికి బక్కమ్మ లేచింది. మూడు రోజులుగా పటేలులో ఒక్క గుణమూ దొరక్క గొంతులోనే ఆగిపోయిన శోకం ఇప్పుడు దారి దొరికి వరదలా వచ్చింది.

"ఓ నా పటేలో... వెట్టి వద్దంటివా పటేలో... ఊకె కోళ్లు వట్టద్దు, ఊకె కట్టెలు మోయించద్దని గుండెల్ల గుణిస్తివా పటేలో... నోరిడ్సి చెప్పకనే పోతివా పటేలో..."

కాకి విస్తరి అంచు మీదికి ఎక్కి ముక్కు చాచింది. సావిత్రమ్మ "స—" అన్నది.

గుమ్మి టోపీ గాల్లోకి లేచింది.

"ఎవడనుకున్నడే! నేనెప్పుడనుకున్ననే!"

నెత్తి నుంచి నడుము దాకా జొన్నదుమ్ముతో తెల్లగా, కళ్లు గుంటలు పడి, మీసాల నిండా ఊకతో ఒక ఆకారం గుమ్మిలోంచి బయటికి వంగి, వంగి, బరువు ఆగక విస్తరి పక్కనే ధబ్బున పడింది. కాకి ఎగిరింది. ఊరు దాని కంటే ముందే ఎగిరింది. మోకాళ్ల నొప్పులని పదేళ్లుగా అరుగు కూడా ఎక్కలేనంటున్న లింగయ్య గోడ మీదికి ఎలా ఎక్కాడో ఆయనే తరువాత చెప్పలేకపోయాడు. బీరప్ప తులసికోట వెనక దాక్కున్నాడు. కుక్క ఒక్కటే తోక ఆడించింది.

గుర్వయ్య పరుగెత్తలేదు. చేతిలో పిల్ల ఉంది, దాన్ని కుదిపితే మంచిది కాదు. పటేలు పైకి చూసేసరికి ఎదురుగా ఆ దళనాయకుడే. లేవబోతే కాళ్లు మడతలు పడ్డాయి. నోరు తెరిచాడు, చప్పుడు రాలేదు. గుర్వయ్య ఆ ముఖం వైపు చూశాడు, పిల్ల ముఖం వైపు చూశాడు. మళ్లీ ఆ ముఖం చూశాడు. ఇలాంటి ముఖంతో ఏమనాలో ఆయనకు బాగా తెలుసు.

"ఆకలైతాందా, పటేలా?"

ఈ మూడు రోజుల్లో ఇంతమంది వచ్చి ఇన్ని మాటలన్నారు గానీ, ఆయనకు పనికొచ్చే మాట ఇదొక్కటే. కళ్ల నుంచి నీళ్లు దుమ్ములో గీతలు గీసుకుంటూ దిగాయి. తల ఊపాడు. గుర్వయ్య విస్తరి ఆయన ముందుకు జరిపాడు. పటేలు రెండు చేతులతో అందుకున్నాడు.

మొదటి ముద్ద నోట్లోకి పోయిందో లేదో గోడ మీది నుంచి కేక వినపడింది.

"ముట్టిండు! ముట్టిండు!"

ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి వెనక్కి తిరిగింది. పటేలు బువ్వ నమలుతూనే, "నేను సావలేదుర పిచ్చోడా!" అన్నాడు.

"సచ్చుడు, సావకపోవుడు నీ ఇష్టం పటేలా. గది నీ ఇంటి ముచ్చట" అన్నాడు లింగయ్య, ధైర్యం తిరిగొచ్చి గోడ మీదే బాసింపట్టు వేసుకుని. "నీ పేర పెట్టినం, దొరసాని మాటిచ్చింది, నువ్వు ముట్టినవ్. కాకి ముడ్తెనే మాట తప్పద్దంటరు. గిప్పుడు నువ్వే వచ్చి ముడ్తివి! ఇంతకన్న ఏం గావాలె?"

"నేను... నేను ఉమ్మేస్త!"

"ఉమ్ముతే ఉమ్ము" అన్నది సావిత్రమ్మ, నిమ్మళంగా.

పటేలు నోట్లో ముద్ద ఉంది. ఉమ్మాలా, మింగాలా అని ఒక్క క్షణం ఆలోచించాడు. అది కోడికూరతో కలిపిన ముద్ద. మింగాడు. ఆ ఊళ్లో వెట్టిచాకిరీ పోయింది ఆ మింగుడుతోనే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద పెద్దవాళ్లు వేరే కారణాలు చెప్తారు, అవీ ఉంటే ఉండనీయండి.

గుర్వయ్య చేయి చాచాడు. పటేలు ఎడమ చేత్తో మొలతాడు తడుముకుని తాళంచెవి ఇచ్చాడు. కుడిచేయి విస్తట్లోంచి తీయలేదు. దొడ్డి తలుపు తెరవగానే తల్లులన్నీ దుమ్ము లేపుకుంటూ గుడిసె వైపు పరుగెత్తాయి. చంకలోని పిల్ల తన తల్లి పొదుగు అందుకుని, మొదట ఊరికే పట్టుకుని నిలబడింది. తరువాత దాని తోక కదిలింది. గుర్వయ్య అక్కడే నేల మీద చతికిలపడ్డాడు.

చచ్చిన పటేలు తన పిండం తానే తిన్నాడన్న ముచ్చట గుట్ట మీది దళానికి చేరితే, వాళ్లు కడుపుబ్బ నవ్వి ఆయన జోలికి రావడం మానేశారట. తుపాకుల కాలంలో నవ్వు వల్ల బతికి బయటపడ్డవాడు ఆయనొక్కడే. మిల్ట్రీ వచ్చి నైజాం దిగిపోయాక పటేలు తెల్లటోపీ ఒకటి సంపాదించి, చెలక తిరిగి ఇమ్మని సుక్కమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. సుక్కమ్మ ఏమీ తొణకలేదు.

"ఇచ్చింది సచ్చిపోయిన పటేలు. అడుగుతున్నది బతికున్న పటేలు. మీ ఇద్దరి నడుమల నేనెందుకు? పోయి ఆయన్నే అడుగు, పటేలా."

టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు. చావిళ్లకు పరామర్శకు కూడా పోవడం నేర్చుకున్నాడు. పోయిన ప్రతిచోటా, "ఏమన్న తిన్నరా?" అని అడిగేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మాత్రం చెప్పేవాడు కాదు.

చివరికి ఒక ఎండాకాలం పొద్దున ఆయన నిజంగానే కన్నుమూశాడు. ముసలివాడైన గుర్వయ్య కర్ర పట్టుకుని, దారి పొడుగునా బక్కమ్మ నేర్పిన రెండు మంచి ముక్కలు జపం చేసుకుంటూ వచ్చాడు. సావిత్రమ్మ ఈసారి నిజంగా ఏడుస్తోంది. అందరూ దారి ఇచ్చారు. ఆయన ఆమె ముందు నిలబడ్డాడు. మంద చెదిరింది. పెరట్లో గుమ్మి వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఈపాలి ఖాయమేనా, దొరసానీ?"

కాకి మాత్రం ఆ మూడో రోజు విస్తరి పూర్తిగా వేయకముందే దిగింది. అడగడానికి ఊళ్లో ఎవరికీ ఏమీ మిగల్లేదు.